పరిగె చేలో బూడిద

నెల్లూరు సముద్రపు ఒడ్డు చరిత్ర రాసినవాళ్లు వరి గురించి రాశారు, ఉప్పు గురించి రాశారు, ఈమధ్య రొయ్యల గుంటల గురించి రాస్తున్నారు. చెనిక్కాయ పీకిన తర్వాత మట్టిలో మిగిలిపోయిన కాయ ఎవరిదో మాత్రం రాసినవాళ్లు తక్కువ. ఆ పరిగె మా యానాదులది. రైతు బస్తాలు కట్టుకుని పోయాక మా అవ్వలు గంపలు పట్టుకుని చేలో దిగేవాళ్లు. మగవాళ్లు ఎలుక కలుగులు తవ్వి, ఎలుకనూ అది దాచుకున్న గింజలనూ ఇంటికి తెచ్చేవాళ్లు. వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు. కానీ రెవెన్యూ లెక్కల్లో పరిగెకు గడి లేదు. పట్టా ఉన్నవాడి దిగుబడే దిగుబడి.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మట్టి మారితే ఆ మార్పు కూడా పట్టా లెక్కలోనే కొలుస్తారు కాబట్టి.

2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైంది. దాని వెనకే ముత్తుకూరు మండలంలో బొగ్గు కరెంటు కేంద్రాలు వచ్చాయి. నేలటూరులో దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2015 నాటికి నడిచాయి, 2022లో మూడోది చేరింది. మన దేశపు బొగ్గు నూరు టన్నులు కాలిస్తే 30 నుంచి 45 టన్నుల బూడిద మిగులుతుంది. బొగ్గులో ఉన్న సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్, కాడ్మియం లాంటివి నిప్పులో నాశనం కావు. బొగ్గు కాలిపోయినకొద్దీ అవి బూడిదలో చిక్కబడతాయి. అలాగని బూడిద ఒక్కటే దోషి అనలేం. ఫాస్ఫేటు ఎరువుతో కూడా కొంచెం కొంచెంగా కాడ్మియం చేలోకి వస్తుంది. తక్కువ మోతాదులో బూడిద కొన్ని నేలలకు మేలు చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఎంత పడింది, ఎన్నేళ్లు పడింది, ఎలాంటి నేల మీద పడింది అన్నదే లెక్క.

పప్పుజాతి పంటల సంగతి వేరుగా చెప్పుకోవాలి. మినుము, పెసర, చెనిక్కాయ, ఉలవ తమ వేర్ల బుడిపెల్లో సూక్ష్మజీవులను పెంచుకుంటాయి. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు తిండిగా మారుస్తాయి. జర్మనీలో హెల్‌రీగెల్ ఈ సంగతి 1886లో బయటపెట్టాడు. పప్పు వేసిన చేలో మరుసటి పంట బలంగా వస్తుందని మన పల్లెలకు అంతకుముందే తెలుసు, కారణమే తెలియదు. ఆ సూక్ష్మజీవుల పనికి మోలిబ్డినం, ఇనుము కావాలి. కాబట్టి లోహమంటేనే విషం కాదు. కాడ్మియం, సీసం లాంటివి ఎక్కువైతే మాత్రం వేరు కురచబడుతుంది, బుడిపెలు తగ్గుతాయి. కొన్నిసార్లు మొక్క పైకి బాగానే కనిపిస్తుంది, దెబ్బ తగిలేది ఆ చిన్న జీవులకు.

ఇంగ్లండులో వోబర్న్ దగ్గర ఇదే జరిగింది. అక్కడి పరిశోధన క్షేత్రంలో 1942 నుంచి 1961 దాకా పట్నపు మురుగు మడ్డిని ఎరువుగా వేశారు. అందులో లోహాలున్నాయి. వేయడం ఆపేసి ఇరవై ఏళ్లు దాటాక, 1980లలో, అదే మట్టిలో క్లోవర్ అనే పప్పుజాతి గడ్డి వేసి చూశారు. బుడిపెలు చిన్నవిగా, తెల్లగా వచ్చాయి, పని చేయలేదు. నత్రజనిని పట్టే రకం సూక్ష్మజీవులు ఆ మట్టిలో లేకుండా పోయాయి. ఇరవై ఏళ్లకు కూడా నేల కోలుకోలేదు. నన్ను కుదిపింది ఆ ఇరవై ఏళ్లే. మన ఒడ్డున బూడిద వయసు ఇంకా అంత లేదు.

మన ఒడ్డున ఇసుక నేలలు ఎక్కువ. బంకమట్టి, కుళ్లిన ఆకూ అలమూ లోహాన్ని పట్టి ఉంచుతాయి. ఇసుకకు ఆ పట్టు తక్కువ, అందుకని మొక్కకు సులువుగా అందుతుంది. పైగా చెనిక్కాయ కాడ్మియాన్ని గింజలోకి చేర్చుకునే పంట. పప్పుధాన్యాల్లో కిలోకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం. రైతు అమ్మిన కాయ మిల్లులో నాలుగు ఊళ్ల కాయతో కలిసిపోతుంది, ఏ ఇంటికీ ఒకే చేను కాయ చేరదు. పరిగె ఏరుకున్నవాళ్లు అలా కాదు. అదే చేను, అదే గట్టు, అదే ఇంటి పిల్లలు. పరీక్షకు బస్తాలోంచి తీసిన గింజ మా గంపలోని గింజ సంగతి చెప్పదు.

అందుకని పరిగె చేలకు వేరే పుస్తకం పెట్టాలి. దీనికి ముందు ల్యాబు అక్కర్లేదు. పూత సమయంలో మొక్కను మట్టిగడ్డతో సహా తవ్వి తీయాలి. పీకితే బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి. నీళ్లలో మెల్లగా కడిగి, బుడిపెను బ్లేడుతో కోసి చూడాలి. లోపల ఎరుపో గులాబీ రంగో ఉంటే పని చేస్తున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే చేయనట్టు. లేతవీ, ముదిరి ఎండబోయేవీ కూడా అలాగే ఉంటాయి కాబట్టి ఒక్క మొక్కతో తేల్చకూడదు, పది మొక్కలు చూడాలి. నీళ్ల ఎద్దడి వల్లా, చౌడు వల్లా కూడా రంగు పోవచ్చు. అందుకే బూడిదకు దూరంగా ఉన్న చేను ఒకటి, దగ్గరది ఒకటి, రెండూ ఇసుక నేలలే అయినవి ఎంచుకోవాలి. తేడా కనిపించిన చోట మట్టినీ, పరిగె గింజనూ విడిగా మూటకట్టి పరీక్షకు పంపాలి. మూట మీద చేను పేరు, ఏడాది, ఏరినవాళ్ల పేరు ఉండాలి.