ఏఐ ఏజెంట్ల కోసం టూల్ డాక్యుమెంటేషన్: చరిత్ర

ఒక సాఫ్ట్‌వేర్ టూల్ ఏ పని చేస్తుంది, దాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, ఏ రూపంలో వివరాలు ఇవ్వాలి, తిరిగి ఏం వస్తుంది అన్నది ఏఐ ఏజెంటుకు తెలిసేలా రాసే వివరణే టూల్ డాక్యుమెంటేషన్. టూల్ లోపలి కోడ్ సాధారణంగా ఏజెంటుకు కనబడదు. వివరణ చదివే అది ఏ టూల్ వాడాలో తేల్చుకుంటుంది. కాబట్టి వివరణలో ఒక మాట తప్పితే పని కూడా తప్పుతుంది.

పూర్వరంగం

మరొకరు రాసిన ప్రోగ్రామును లోపల చూడకుండా వాడుకోవడం కంప్యూటర్ల తొలినాళ్ల నుంచీ ఉన్న అవసరమే. కేంబ్రిడ్జ్‌లోని ఎడ్సాక్ యంత్రం కోసం మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ 1951లో వెలువరించిన పుస్తకంలో సబ్‌రొటీన్ల జాబితాతో పాటు వాటి వాడుక వివరాలూ ఉన్నాయి. లోపలి కోడ్ తెలియనివారికి సైతం పనికొచ్చేలా వివరణ రాయడమే బహుశా అన్నిటికంటే కష్టమైన పని అని 1952లోనే వీలర్ గుర్తించాడు. 1971 నవంబరులో వచ్చిన యూనిక్స్ తొలి మాన్యువల్‌లో ప్రతి కమాండుకూ పేరు, వాడే పద్ధతి, వివరణ ఒకే వరుసలో ఇచ్చారు. తెలిసిన లోపాలకు ‘బగ్స్’ అనే విభాగం విడిగా పెట్టారు. టూల్ ఎక్కడ తడబడుతుందో దాచకుండా చెప్పిన ఆ విభాగం ఏజెంట్ల కాలంలో మరింత విలువైనది.

2000లో తొలిసారి వెలువడిన డబ్ల్యూఎస్‌డీఎల్ అనే వివరణ భాష వెబ్ సేవల వివరాలను యంత్రాలు చదవగలిగేలా చేసింది. అయితే అందులో ఉన్నది ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల ఆకారమే. ఆ సేవ ఎందుకున్నదో అది చెప్పదు. ఆ లోటు తీర్చడానికి 2004లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ముందుకు వచ్చిన ఓడబ్ల్యూఎల్-ఎస్, సేవల ఉద్దేశాన్ని తర్కభాషలో రాయాలంది. సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు తమంతట తామే సేవలను వెతికి వాడుకోవాలన్నదే దాని లక్ష్యం. కానీ అంత కట్టుదిట్టంగా రాసే ఓపిక ఎక్కువమందికి లేకపోయింది. వర్డ్‌నిక్ సంస్థలో పుట్టిన స్వాగర్ అనే ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలిచే మార్గం) వివరణ పద్ధతి సులువుగా ఉండటంతో నిలిచింది. 2015లో లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలోకి వెళ్లి, ఓపెన్‌ఏపీఐ పేరుతో ప్రామాణికమైంది.

2023 మలుపు

మామూలు వాక్యాలను చదివి అర్థం చేసుకోగల భాషా నమూనాలు రావడంతో తర్కభాష అవసరం తగ్గింది. 2023 ఫిబ్రవరిలో మెటా పరిశోధకుల ‘టూల్‌ఫార్మర్’ క్యాలిక్యులేటర్, సెర్చ్ వంటివాటిని ఎప్పుడు పిలవాలో నమూనా నేర్చుకోగలదని చూపింది. మార్చిలో వచ్చిన చాట్‌జీపీటీ ప్లగిన్లు ప్రతి టూల్‌కూ రెండు వివరణలు కోరాయి, ఒకటి మనిషికి, మరొకటి నమూనాకు. ఈ చరిత్రలో కీలకమైన ఘట్టం ఇదేనని చెప్పాలి. నమూనాను ప్రత్యేకమైన పాఠకుడిగా గుర్తించి రాసే పద్ధతి ఒక పెద్ద వేదికపైకి వచ్చింది. బర్క్‌లీ పరిశోధకుల ‘గొరిల్లా’ మేలో మరో సంగతి తేల్చింది. అప్పటికప్పుడు తాజా డాక్యుమెంటేషన్ తెచ్చి ముందుంచితే నమూనా ఏపీఐ మార్పులకు సర్దుకుంటుంది, లేని ఏపీఐలను ఊహించి రాయడం తగ్గుతుంది. జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ రావడంతో పేరు, వివరణ, ఇన్‌పుట్ ఆకారం తెలిపే జేసన్ స్కీమా అనే మూడింటి కూర్పు వాడుకలో స్థిరపడింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రొటోకాల్) అదే కూర్పును ఉమ్మడి ప్రొటోకాల్‌గా మార్చింది.

వివరణకు ఇంత బలం రావడంతో అదే దాడికి దారి కూడా అయింది. ఎంసీపీ టూల్ వివరణలో రహస్య ఆదేశాలు దాచి, ఏజెంటు చేత ఫైళ్లు బయటికి పంపించవచ్చని 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ చూపింది. వాడుకరికి స్క్రీన్ మీద తరచు టూల్ పేరు మాత్రమే కనిపిస్తుంటే, ఏజెంటు మాత్రం వివరణ మొత్తం చదువుతుంది. అంతకు కాస్త ముందే ఎంసీపీలో, టూల్ డేటాను చదవడానికే పరిమితమా, లేక దేన్నైనా చెరిపేస్తుందా అని తెలిపే గుర్తులు చేరాయి. అయితే ఆ గుర్తులు పెట్టేదీ టూల్ రాసినవారే కనుక, తెలియని సర్వర్ విషయంలో వాటిని నమ్మడానికి లేదు.

ఊరి పేర్లు, కొలతలు

తెలుగువారికి ఈ విషయం ఎక్కడ తగులుతుందో చూడటానికి దక్షిణ అండమాన్ జిల్లాలోని ప్రోతరాపూర్ మంచి ఉదాహరణ. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ప్రోతరాపూర్‌కు ఇంగ్లిష్‌లో ఒకటికి మించిన స్పెల్లింగులున్నాయి. పక్కనున్న పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. రేపు సముద్రంలోకి వెళ్లవచ్చా అని అక్కడి జాలరి తెలుగులో అడిగాడనుకుందాం. సముద్ర హెచ్చరికల టూల్ వివరణలో ‘ఊరి పేరు ఇవ్వండి’ అని మాత్రమే ఉంటే, ఏజెంటు ఒక స్పెల్లింగు పంపి, జవాబు ఖాళీగా వస్తే ప్రమాదం లేదని చెప్పేయవచ్చు. పేరుకు బదులు అక్షాంశ రేఖాంశాలు కావాలనీ, ఖాళీ జవాబంటే ‘సమాచారం లేదు’ అనే తప్ప ‘సముద్రం ప్రశాంతం’ అని కాదనీ వివరణలోనే రాయాలి. గాలి వేగం నాట్లలోనా, గంటకు కిలోమీటర్లలోనా అన్నదీ చెప్పాలి. 20 నాట్లంటే గంటకు సుమారు 37 కిలోమీటర్లు.

సముద్ర శాస్త్రజ్ఞులు ఈ క్రమశిక్షణను ఏజెంట్ల కంటే చాలా ముందే అలవరచుకున్నారు. 2003 నాటి సీఎఫ్ (క్లైమేట్ అండ్ ఫోర్‌కాస్ట్) నియమాల ప్రకారం డేటా ఫైలులోనే కొలమానం, ప్రామాణిక నామం, లోపించిన విలువకు గుర్తు నమోదవుతాయి. దేశమంతటికీ సునామీ హెచ్చరికలిచ్చే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ తన డేటాలో కొంత భాగాన్ని ఎర్డాప్ అనే డేటా సర్వర్ ద్వారా ఇలా వివరాలతో సహా అందిస్తోంది. సముద్ర సమాచారానికే కాదు, ప్రభుత్వ సేవలకూ ఇలాంటి వివరణ కావాలి. ఆ సేవలను వాట్సాప్‌లోకి తెచ్చిన ఆంధ్రప్రదేశ్ ‘మన మిత్ర’ 2025 జనవరి 30న మొదలైంది. ఇటువంటి సేవలను ఏజెంట్ల చేతికి ఇచ్చేటప్పుడు సర్వే నంబరు, ఖాతా నంబరు, ఇంటిపేరు వంటివి తెలుగువారు ఏయే విధాలుగా చెబుతారో ఉదాహరణలతో టూల్ వివరణలో చేర్చడం తప్పనిసరి. ఆ పని ఇంగ్లిష్ డాక్యుమెంటేషన్‌ను తెలుగులోకి మార్చినంత మాత్రాన పూర్తి కాదు. మీసేవ కౌంటరులో ఏళ్ల తరబడి దరఖాస్తులు నింపినవారిని కూర్చోబెట్టుకుని రాయించాలి.