పశువు ఒంటి చదువు, మన చేతి చదువు

పశువు ఒంటి చదువు పుస్తకాల్లో పుట్టలేదు. కోసిన పశువు చుట్టూ కూర్చున్న మనుషుల దగ్గర పుట్టింది. మన గొప్ప కోసం ఈ మాట అనడం లేదు. చరిత్రే అలా ఉంది.

1761లో ఫ్రాన్స్ దేశపు లియాన్ నగరంలో పశువైద్య పాఠశాల పెట్టడానికి క్లాడ్ బూర్జెలా అనే ఆయనకు అనుమతి దొరికింది. ఈ రకం పాఠశాలల్లో అదే మొదటిది. అప్పట్లో యూరప్‌లో పశువుల ప్లేగు మందలకు మందలను ఊడ్చిపెడుతోంది. అక్కడి విద్యార్థులు జంతువులను కోసి, ఎముకనూ కండనూ పేగునూ చూసి నేర్చుకున్నారు. ఆ చదువు తెల్లదొరల పాలనలో మన దేశానికి వచ్చింది. మద్రాసు పశువైద్య కళాశాల 1903లో మొదలైంది. గోదావరి, విశాఖ మన్యాలు అప్పుడు మద్రాసు కిందివే. అయినా మన తాతలకు అలాంటి కళాశాల ఒకటి ఉందనే తెలియదు.

మరి వాళ్ళకు ఏం తెలుసు? పండగకు పశువును కోసి వాటాలు వేసేవాళ్ళకు ఏ భాగం ఎక్కడుందో తెలుసు. బోటి కడిగే ఆడవాళ్ళకు ఆవు కడుపులోని నాలుగు గదులూ చేతికి తెలుసు. మొదటిది అన్నిటికన్నా పెద్దది, లోపలంతా తువ్వాలులా నూగు. రెండోదాంట్లో తేనెపట్టులాంటి గళ్ళు. మూడోదాంట్లో పుస్తకం కాగితాల్లా పొరలు. నాలుగోది నున్నగా ఉంటుంది, మన కడుపులోలాగే జీర్ణరసం ఊరేది అందులోనే. వీటినే పుస్తకం రూమెన్, రెటిక్యులం, ఒమాసం, అబోమాసం అంటుంది. కడుపు ఉబ్బిన పశువును కాపరి ఎడమ డొక్క మీద తట్టి చూస్తాడు. డాక్టరూ అక్కడే తడతాడు. గాలి నిండే ఆ మొదటి గది ఎడమవైపే ఉంటుంది కనుక.

రోగాల పేర్లు చూడండి. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు. రోగం ఒంట్లో ఎక్కడ కనబడుతుందో పేరులోనే ఉంది. ఈ పేర్లు పెట్టినవాళ్ళు పశువుల వెంట తిరిగినవాళ్ళే.

అయితే చేతికి అందనివీ ఉన్నాయి. కార్జం కోస్తే ఒక్కోసారి ఆకులా చదునైన పురుగులు కనబడతాయి. జలగలు అంటాం. అవి లోపలికి ఎలా వచ్చాయో కత్తి చెప్పలేదు. ఆ పురుగు పిల్లలు చిత్తడి నేలల్లోని నత్తలో పెరిగి, గడ్డికి అంటుకుని పశువు కడుపులోకి పోతాయని 1880లలో ఇంగ్లండులో, జర్మనీలో పరిశోధకులు తేల్చారు.

దొమ్మ రోగం ఇంకా పెద్ద పాఠం. దాని క్రిమి గట్టి సిద్ధబీజాలుగా మారి బతుకుతుందని 1876లో జర్మనీ వైద్యుడు రాబర్ట్ కోచ్ చూపించాడు. దొమ్మతో చచ్చిన పశువును కోస్తే, రక్తంలోని క్రిములు గాలి తగిలి సిద్ధబీజాలవుతాయి. అవి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. ఉడికించినా చస్తాయన్న నమ్మకం లేదు. విశాఖ మన్యంలో ఇలాంటి మాంసం కోసినవాళ్ళకు చేతుల మీద నల్లటి పుండ్లు లేచిన సంగతి పత్రికల్లో పలుమార్లు వచ్చింది. దాన్ని అనాగరికం అన్నవాళ్ళున్నారు. ఉన్న ఒక్క ఎద్దూ చచ్చిన ఇంట్లో ఆ మాంసం పారేయడం ఎంత కష్టమో వాళ్ళకు తెలియదు. అయినా మనం మనవాళ్ళకు గట్టిగా చెప్పాలి. పశువు ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారితే కత్తి పెట్టకండి. పశువైద్యుడికి కబురు పెట్టండి. ఆ రోగం వచ్చిన చోట ఏటా టీకా వేయించమని అడగండి.

కోసి నేర్చుకున్న జాతికి కోయవద్దని చెప్పడం తేలిక కాదు. పరాయివాడు చెబితే వినరు. మన భాషలో మనవాళ్ళే చెబితే వింటారు. అందుకే పశుసంవర్ధక డిప్లొమాకు వెళ్ళే మన పిల్లలను ఒకటి అడుగుతున్నాం. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అవ్వల దగ్గర కూర్చుని, పశువు ఒంట్లోని భాగాలకు కోయ, కువి, సవర భాషల్లో ఉన్న పేర్లు రాసుకోండి. మా బడుల్లో ఆవు కడుపు బొమ్మ గీసేటప్పుడు పుస్తకం పేరు పక్కనే ఆ పేరూ రాస్తాం.