మిలిటరీ లారీలు - మన షెడ్లు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగితే ముందు జంకాను. ఈ చేతికి స్పానరు అలవాటు గాని కలం కాదు. అయితే ఈమధ్య ఒక కుర్రవాడు యుద్ధకాలం నాటి మిలిటరీ లారీ కొని, దాన్ని బాగుచేసే పద్ధతి చెప్పమని నన్ను వెతుక్కుంటూ గుడివాడ వచ్చాడు. అతనికి చెప్పిన నాలుగు మాటలే ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు సవరించగలరు.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషను. బస్సు వెనుక బొగ్గు కుంపటి కట్టి, ఆ గ్యాసుతో నడిపిన రోజులవి. 1945లో యుద్ధం ముగిశాక, మిగిలిపోయిన మిలిటరీ బండ్లను ప్రభుత్వం అమ్మివేసింది. వాటినే డిస్పోజల్ బండ్లు అనేవారు. కెనడాలో తయారైన ఫోర్డు, షెవర్లె లారీలకు మూతి పొట్టి, ముందరి అద్దం కిందికి చూస్తున్నట్లు వాలి ఉండేది. యుద్ధకాలంలో కెనడా 8 లక్షలకు పైగా మిలిటరీ బండ్లు చేసింది. అమెరికా వారివి జి.ఎం.సి. లారీ, విల్లీస్ జీపు. ఇలాంటి బండ్లు కొన్నవారు వాటిపై కొయ్య బాడీలు కట్టించి ధాన్యానికో, ప్రయాణికులకో తిప్పుకున్నారు.

1970లో నేను డిపోలో హెల్పరుగా చేరినప్పుడు నాకు పని నేర్పిన మేస్త్రి గారు అలాంటి బండ్ల మీద చేయి తిరిగినవారు. జిల్లా బస్సు రూట్లు 1959లో ఆర్టీసీకి రాకముందు ఆయన బందరులో ఒక ప్రైవేటు షెడ్డులో ఉండేవారు. ఫోర్డు, జనరల్ మోటార్స్ కంపెనీలు 1954 నాటికే మన దేశంలో బండ్ల బిగింపు ఆపేశాయి. ఇక పార్టు దొరక్కపోతే లేతు మీద చేసుకోవడమే గతి. చాలామంది పెట్రోలు ఇంజను తీసేసి పెర్కిన్స్ డీజిల్ ఇంజను వేయించుకున్నారు. అందుకే ఈనాడు అసలు ఇంజనుతో ఉన్న బండి దొరకడం అరుదు.

బాగుచేసేవారు మొదట జాగ్రత్త పడవలసింది చక్రం దగ్గర. ఆ కెనడా లారీల రిమ్ము రెండు ముక్కలుగా ఉంటుంది. బండికి చక్రాన్ని పట్టే నట్లు వేరు, రెండు ముక్కల్ని కలిపి పట్టే నట్లు వేరు. గాలి పూర్తిగా తీయకుండా రెండో వరస ముట్టుకుంటే రిమ్ము పేలి మనిషిని చంపుతుంది. వాల్వు పిన్ను తీసి, గాలి శబ్దం ఆగాక కూడా ఒక తీగ దూర్చి చూడమనేవారు మా మేస్త్రి గారు. ఆయన ఎడమచేతికి మూడు వేళ్ళే ఉండేవి. మిగతా రెండూ ఏమయ్యాయని మేము అడగలేదు, అడగనక్కరలేకపోయింది.

షెవర్లె ఆరు సిలిండర్ల ఇంజనులో కనెక్టింగ్ రాడ్డుకు విడి బేరింగు ఉండదు, వైట్ మెటల్ పోత ఉంటుంది. క్రాంకుకు నీలం రంగు పూసి, బిగించి తిప్పితే ఎత్తుగా ఉన్న చోట రంగు అంటుతుంది. ఆ మేరకే స్క్రేపరుతో గీకాలి. వదులైతే షిమ్ములు తీసి బిగువు సరిచేయాలి. ఫోర్డు వి-8 ఇంజను తొందరగా వేడెక్కుతుంది. దానికి కొత్త రేడియేటరు కొనేముందు బ్లాకులో నీళ్ళు తిరిగే దారుల్లో పేరుకున్న తుప్పు కడిగించండి.

ఇక ఉప్పునీటి సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. 10 వేలమందికి పైగా పోయారు. కొన్నాళ్ళకు ఒక రైతు గారి పాత విల్లీస్ జీపు చూడడానికి మా మేస్త్రి గారితో నేనూ వెళ్ళాను. మనుషులు పోయిన ఊళ్ళో జీపు గొడవ ఏమిటని నా మనసుకు కష్టంగా తోచింది. ఆ మాటే అన్నాను. "మంచినీళ్ళ పీపాలు నువ్వు మోస్తావుట్రా?" అన్నారాయన. ఆ రైతు గారు తొందరకొద్దీ సెల్ఫు కొట్టివున్నారు. సిలిండరులో నీరుండగా తిప్పేసరికి రాడ్డు వంగిపోయింది.

కనుక మునిగిన బండిని స్టార్టు చేయకూడదు. ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. మంచినీళ్ళతో ఉప్పు పోయేదాకా కడగాలి. ఇంజను, గేరుబాక్సు, క్రౌను ఆయిళ్ళు దించాలి. ప్లగ్గులు తీసి, హేండిలుతో చేత్తో మెల్లగా తిప్పితే సిలిండర్లలో నీరు బయటికి వస్తుంది. కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోసి మళ్ళీ తిప్పాలి. డైనమో, సెల్ఫు విప్పి ఆరబెట్టాలి. బ్రేకు డ్రమ్ములు, చక్రాల బేరింగులు వదిలేస్తే నెలలోపే తుప్పు పట్టేస్తాయి. ఆ జీపు రాడ్డు మార్చడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు ఉదయం అది పీపాలు వేసుకుని వెళ్ళింది.

చివరిగా ఒక మనవి. వైట్ మెటల్ పోసిన చేతులు, స్క్రేపరు పట్టిన చేతులు మన సభ్యుల్లో ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ కొలతలు పుస్తకాల్లో కన్నా మన వేళ్ళకే ఎక్కువ తెలుసు. మనవళ్ళతో అయినా రాయించి ఉంచండి. పాత బండి బాగుచేస్తామని ఎవరైనా వస్తే, మోకాళ్ళ నొప్పులని అనకుండా షెడ్డుదాకా నడవండి.