బెరియా తలుపు మూసిన 46 ఏళ్లు

జొన్నజాతి మొక్క కంకులకు రంగు వేసి ఆరబెడతారు. పిడికెడు చొప్పున కర్ర చుట్టూ పేర్చి, బిగించి కట్టి, గట్టి దారంతో కుట్లు వేస్తారు. కొసలు సమంగా కత్తిరిస్తే చీపురు తయారు. కట్టేది డిగ్రీ విద్యార్థులు. ఊరు బెరియా, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో కొండల అంచున ఉంటుంది.

అక్కడి కాలేజీలో సుమారు 1,500 మంది చదువుతారు. ప్రతి ఒక్కరూ వారానికి కనీసం 10 గంటలు పనిచేయాల్సిందే. కొందరికి మగ్గం, కొందరికి పొలం, కొందరికి 1909లో కాలేజీయే తెరిచిన బూన్ టావెర్న్ హోటల్. ట్యూషన్ ఫీజు మాత్రం 1892 నుంచి ఎవరి దగ్గరా తీసుకోలేదు.

ఈ చదువుకు పునాది వేసింది జాన్ జి. ఫీ అనే పాస్టరు. తండ్రి బానిసలున్న భూస్వామి. బానిసత్వం పాపమని కొడుకు బోధిస్తున్నాడని ఆస్తిలో చిల్లిగవ్వ ఇవ్వలేదు. కాషియస్ క్లే అనే నాయకుడు 10 ఎకరాలిచ్చి ఆదుకుంటే, 1855లో ఫీ ఒంటి గది బడి మొదలుపెట్టారు. ఊరి పేరు బైబిల్లోనిదే. మన తెలుగు బైబిల్లో అది ‘బెరయ’. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో వస్తుంది. మనుషులందరిదీ ఒకే రక్తమన్న మాటా ఆ అధ్యాయంలోనిదే. కాలేజీ దాన్నే తన ధ్యేయంగా పెట్టుకుంది.

1859 డిసెంబరులో 60 మంది దాకా సాయుధులు గుర్రాలపై వచ్చారు. పది రోజుల్లో ఊరు వదలాలని బడి వాళ్లను హెచ్చరించారు. పసిపిల్లలతో సహా కుటుంబాలు చలిలో తరలిపోయాయి. అంతర్యుద్ధం ముగిశాక ఫీ తిరిగొచ్చారు. 1866-67లో చేరిన 187 మందిలో 96 మంది నల్లవారు, 91 మంది తెల్లవారు. నిన్నటి దాకా బానిసలుగా ఉన్నవాళ్ల పిల్లలు తెల్లవాళ్ల పిల్లల పక్కనే కూర్చుని చదివారు!

1904లో కెంటకీ శాసనసభ ‘డే చట్టం’ తెచ్చింది. రెండు జాతుల వాళ్లకూ ఒకేచోట చదువు చెప్పడం నేరమంది. రాష్ట్రంలో అలా నడుస్తున్న కాలేజీ బెరియా ఒక్కటే కాబట్టి గురి ఎవరి మీదో అందరికీ తెలుసు. వెయ్యి డాలర్ల జరిమానా పడింది. కాలేజీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1908లో ఓడిపోయింది. జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్ గట్టిగా విభేదించారు. ఆయనదీ కెంటకీయే, ఒకప్పుడు బానిసలను ఉంచుకున్న కుటుంబమే.

తప్పంతా చట్టానిదేనంటే నేను ఒప్పుకోను. కాలేజీ అధ్యక్షుడు విలియం ఫ్రాస్ట్ హయాంలో కొండప్రాంతపు తెల్లవారి వైపు మొగ్గడంతో నల్ల విద్యార్థుల వాటా అంతకుముందే పడిపోయింది. ఓడాక మాత్రం కాలేజీ చేతులు దులుపుకోలేదు. విరాళాలు సేకరించి, నల్లవారి కోసం 1912లో లూయివిల్ దగ్గర లింకన్ ఇన్‌స్టిట్యూట్ తెరిపించింది.

చట్టం రావడానికి ఏడాది ముందు, 1903లో, బెరియాలో పట్టా అందుకున్న విద్యార్థి ఒకరున్నారు. తల్లిదండ్రులు బానిసలుగా బతికినవారు. తాను బొగ్గు గనుల్లో పనిచేసి, ఇరవై దాటాక హైస్కూలు ముగించారు. ఆయనే కార్టర్ జి. ఊడ్సన్. 1926లో నల్లజాతి చరిత్ర వారోత్సవాన్ని మొదలుపెట్టిన చరిత్రకారుడు.

డే చట్టాన్ని 1950లో సవరించారు. బెరియాలో నల్ల విద్యార్థులు మళ్లీ చేరారు. ఊడ్సన్ అదే ఏడాది ఏప్రిల్ 3న కన్నుమూశారు.