దత్తత బిల్లు – పార్లమెంటు కమిటీ

చట్టమంటే పార్లమెంటులో చేతులెత్తి పాస్ చేసేదేనని మనలో చాలామంది అనుకుంటాం. అసలు పని చాలాసార్లు కమిటీ గదిలోనే జరుగుతుంది. మన హైదరాబాదుతో కూడా సంబంధమున్న ఒక బిల్లు చరిత్రను ఇక్కడ మనవి చేస్తాను.

1972లో దత్తత బిల్లు రాజ్యసభలో ప్రవేశపెట్టబడింది. అప్పటికి 1956 నాటి దత్తత చట్టం హిందువులకే వర్తించేది. ముస్లిములు, క్రైస్తవులు, పార్సీలు ఒక అనాథను పెంచుకోదలిస్తే 1890 నాటి చట్టం క్రింద గార్డియన్లు మాత్రమే కాగలిగేవారు. బిడ్డకు మైనారిటీ తీరగానే ఆ గార్డియన్‌షిప్ ముగిసేది. కొత్త బిల్లు, మతంతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే దత్తత విధానం ఉండాలన్నది.

చిక్కు ఇక్కడే వచ్చింది. యతీంను సాకటం మనకు గొప్ప సవాబు. కాని పెంచిన బిడ్డను కన్నబిడ్డగా లెక్కించి వంశం మార్చటానికి షరీఅత్ ఒప్పుకోదు. పెంపుడు బిడ్డలను కన్నతండ్రుల పేర్లతోనే పిలవమని సూరె అహ్‌జాబ్‌లో ఆదేశం వచ్చిన తరువాత హజ్రత్ జైద్ మళ్ళీ జైద్ బిన్ హారిసా అయ్యారు. వారసత్వపు వాటాలు, పర్దా, పెళ్ళి సంబంధాలు అన్నీ దీనితో ముడిపడినవే.

1972 డిసెంబరులో బొంబాయిలో పెద్ద సమావేశం జరిగింది. 1973 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు ఏర్పడింది. దేవబంద్ ఖారీ ముహమ్మద్ తయ్యబ్ సాహెబ్ మొదటి అధ్యక్షులు. ఈ బిల్లుపై కలిగిన ఆందోళన అందుకు ముఖ్య కారణాలలో ఒకటి.

బిల్లు ఉభయసభల సంయుక్త కమిటీకి వెళ్ళింది. ఇటువంటి కమిటీలో అన్ని పార్టీలవారూ ఉంటారు. ప్రజల నుండి వినతిపత్రాలు తీసుకుంటారు, సంఘాల పెద్దలను పిలిచి సాక్ష్యం వింటారు, ఆపైన క్లాజు వెంట క్లాజు చర్చిస్తారు. ఒప్పుకోని సభ్యుడు తన అసమ్మతిని వ్రాసి రిపోర్టుకు జతపరచవచ్చు. మంత్రిగారిని రోడ్డుమీద ఘెరావ్ చేయటం కంటె, కమిటీకి వ్రాసిన నాలుగు పేజీలకు బలమెక్కువని నా నమ్మకం.

కమిటీ రిపోర్టు 1976లో, ఎమర్జెన్సీ రోజులలో వచ్చింది. 1977లో లోక్‌సభ రద్దయినా బిల్లు చావలేదు. రాజ్యసభలో పుట్టి అక్కడే పెండింగులో ఉన్న బిల్లుకు రాజ్యాంగం ఆ రక్షణ ఇచ్చింది. చివరకు 1978లో జనతా ప్రభుత్వమే దానిని ఉపసంహరించుకొన్నది. 1980లో మరో బిల్లు ముస్లిములను మినహాయించి వచ్చింది గాని, అదీ చట్టం కాలేదు.

బిల్లు పోయింది సరే, యతీం సంగతేమిటి? పెంచిన బిడ్డకు హిబా ఇవ్వవచ్చు, ఆస్తిలో మూడోవంతు వరకు వీలునామా వ్రాయవచ్చు. ఈ రెండూ వాడుకున్న కుటుంబాలు మన మొహల్లాలలో ఎన్ని?

2014లో షబ్నమ్ హాష్మీ కేసులో సుప్రీంకోర్టు, జువెనైల్ జస్టిస్ చట్టం క్రింద ఏ మతం వారైనా దత్తత తీసుకోవచ్చన్నది. అది ఐచ్ఛికమేనని, ఇష్టంలేని వారు తమ పర్సనల్ లా ప్రకారమే నడచుకోవచ్చని కూడా ఆ తీర్పులోనే ఉన్నది.