కంటి నల్లగుడ్డు గీసుకుపోతే

విరుదునగర్, కోవిల్‌పట్టి ప్రాంతపు నల్లరేగడి చేలలో పత్తికట్టె, జొన్నాకు తగిలి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అనగా కార్నియా, గీసుకుపోవడం కద్దు. తీవ్రమైన నొప్పి, నీరు కారడం, వెలుతురును చూడలేకపోవడం దీని లక్షణాలు. కంటిని నలపరాదు, శుభ్రమైన నీటితో కడగాలి. చనుబాలు, ఆకుపసరు పోయడం కొన్ని ఇళ్లలో ఆచారం. వాటితో సూక్ష్మక్రిములు గాయంలో చేరతాయి.

వైద్యుడు ఫ్లోరెసిన్ రంగు వేసి నీలికాంతిలో చూస్తే గాయం పచ్చగా మెరుస్తుంది. చిన్న గీతలు యాంటీబయాటిక్ మందుతో సాధారణంగా 1 నుండి 3 దినాలలో మానుతాయి. కంటికి కట్టు అవసరం లేదు. స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా కొని వాడితే బూజు వల్ల కలిగే పుండు ముదురుతుంది.

ఆలస్యమే అసలు ప్రమాదం. నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో, గాయమైన 18 గంటలలోపు మందు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికీ పుండు కాలేదు. 24 గంటలు దాటి వచ్చిన 49 మందిలో 14 మందికి అయింది.

నొప్పి పెరిగినా, నల్లగుడ్డుపై తెల్లమచ్చ కనిపించినా నాటుమందులతో కాలం గడపక ఆ దినమే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. ఎట్టయపురం చేరువలోని వడమలాపురంలో జన్మించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో స్థాపించిన అరవింద్ ఆసుపత్రి మదురైలోనే ఉన్నది.