వంటింటి పొగ - బిడ్డల చదువు

మానవుడు నిప్పును వశపరచుకొని లక్షల సంవత్సరములైనది. అయినను నిన్నమొన్నటి వరకు మన పల్లెలలో ముసలితల్లి చేతిలో ఊదుగొట్టమే ఉండెడిది. కట్టెలు, పిడకలు, కందికంప ఆమెకు తెలిసిన ఇంధనములు.

మూడురాళ్ల పొయ్యిలో కట్టెకు గల శక్తిలో సుమారు పదవ వంతే గిన్నెకు చేరును. తగినంత గాలి అందక కట్టె పూర్తిగా మండదు. అందువలన కార్బన్ మోనాక్సైడు, కంటికి కనబడని మసికణములు పుట్టును. ఏండ్ల తరబడి వాటిని పీల్చిన గృహిణికి ముసలితనమున దగ్గు, ఆయాసము పట్టుకొనును.

ఈ బాధను తొలగించుటకు హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజు పొగగొట్టము గల మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానిపై ఒక పుస్తకము ప్రకటించెను. కాని పొగగొట్టము మసితో పూడినపుడు శుభ్రము చేయువారు ఉండవలెను కదా!

వంటగ్యాసు మన దేశమున 1955లో బొంబాయిలో అమ్మకమునకు వచ్చెను. 1965లో కలకత్తాలో ఇండేన్ తొలి కనెక్షన్ ఇయ్యబడెను. ఆంధ్రప్రదేశ్‌లో పేద మహిళల కొరకు 1999లో దీపం పథకము, దేశమంతటికి 2016లో ఉజ్జ్వల పథకము ప్రారంభమైనవి. అయినను కనెక్షన్ వచ్చిన ప్రతి ఇంట పొగ ఆగలేదు. ఏలననగా బండ ఒకసారి వచ్చినను, అది ఖాళీ అయినప్పుడెల్ల మరల డబ్బు కావలెను.

ఇచ్చటనే ఎదిగిన బిడ్డల చదువు అక్కరకు వచ్చును. చదువుకున్న కొడుకు, కూతురు దరఖాస్తు నింపుదురు. జీతము నుండి నెలనెలా కొంత పంపుదురు. పొగ వలని కీడును తల్లికి బోధపరతురు. తల్లి ఏరి తెచ్చిన కట్టెలతో ఉడికిన అన్నము తిని చదివిన చదువు, ఈ విధముగా మరల ఆమె పొయ్యి వద్దకే చేరును.

అయితే ఒక చిక్కు కలదు. అదే చదువు బిడ్డను పట్టణమునకు తీసికొనిపోవును. 14.2 కిలోల గ్యాసు గల బండ మొత్తము సుమారు 30 కిలోలు తూగును. దానిని వాకిలి నుండి పొయ్యి దగ్గరకు చేర్చి, రెగ్యులేటరు బిగించుటకు డెబ్బది ఏండ్ల తల్లికి శక్తి చాలునా? బండ మూలనుండగా ఆమె మరల కట్టెలపొయ్యి రాజేసినచో ఆశ్చర్యము లేదు. కొడుకు పంపిన డబ్బు ఈ పని చేయజాలదు; ఒక మనిషి కావలెను.

విద్యార్థులారా! మీ వీధిలో ఒంటరిగా నున్న అవ్వ ఇంటి పొయ్యిని ఒకసారి చూచి రండు. ఆ బండను బిగించుటకు మీ చదువు, మీ చేయి రెండును చాలును.